తిరగేసి అచ్చయిన బొమ్మ

వరసకు నాకు తమ్ముడయ్యే ఆయన మనవరాలు హారిక పోయిన నెల ఆదోని వచ్చి నాలుగు రోజులు నా దగ్గరే ఉంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. వేస్తుందంటే మాలాగా కాదు. ఇంకు సీసా లేదు, బ్రష్షు లేదు, వేలికి మరక లేదు. పలకలాంటి తెర ఒకటి ఒళ్ళో పెట్టుకుని దాని మీద పుల్లలాంటి పెన్నుతో గీస్తూ ఉంటుంది. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని చూస్తున్నాను. సైకిలు తోసుకుంటూ నవ్వుతున్న ముసలాయన బొమ్మ, బాగా కుదిరింది. అంతలో ఆ పిల్ల ఎక్కడో వేలితో తాకింది. ముసలాయన టక్కున అటువాడు ఇటు తిరిగిపోయాడు. కుడిదంతా ఎడమైంది. "అయ్యయ్యో, ఏం చేస్తివే!" అని అరిచాను. అది పడీ పడీ నవ్వింది. "ఏం కాలేదవ్వా. ఎంతసేపూ ఒకే పక్క చూస్తా ఉంటే మన తప్పులు మనకు కనపడవు. తిప్పితే ఇట్టే తెలిసిపోతాయి. అందరం చేస్తాం" అంది. మళ్ళీ తాకింది, ముసలాయన మామూలుగా నవ్వాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగాను. నా బొమ్మ కూడా ఒకటి అట్లాగే తిరగబడింది. అది తెర మీద కాదు, వారపత్రికలో, అచ్చయి ఊరూరా పంచిపెట్టాక. మళ్ళీ వేలితో తాకి మామూలు చేసుకునే వీలు అప్పుడు లేదు.

ఆ సంగతి చెప్పాలంటే ముందు నీలమ్మత్తను చెప్పాలి. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నాయన ఆదోనిలో ఒక బడిలో డ్రాయింగు మాస్టారు. మామిడికాయ తొడిమ నీడ ఎటు పడుతుందో గంటసేపు చెప్పగలడు గానీ, అదే మామిడికాయతో పప్పు చెయ్యమంటే చేతులెత్తేస్తాడు. అందుకని నన్ను తీసుకెళ్ళి ఎమ్మిగనూరులో తన అక్క ఇంట్లో వదిలాడు. అయిదో తరగతి దాకా అక్కడే పెరిగాను. ఆ తర్వాత ఆదోని వచ్చేసినా ప్రతి సెలవుకూ బట్టల సంచి పట్టుకుని బస్సెక్కేదాన్ని. నాయన నాకు బొమ్మలు నేర్పాడు. అత్త మాత్రం ఏదీ కూర్చోబెట్టి నేర్పలేదు. నేను అన్నీ ఆమెను చూసి నేర్చుకున్నాను.

ఆ ఇంట్లో పొద్దు ఎప్పుడు మొదలయ్యేదో మాకెవరికీ తెలియదు. మేం లేచేసరికి వాకిలి అలికి ఉండేది, ముగ్గు పడి ఉండేది. ఎట్లాంటి ముగ్గనుకున్నారు! గీత ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో పట్టుకోలేం. నీళ్ళలో చేప తిరిగినట్టు తిరిగేది. పక్క వీధి వాళ్ళు కూడా వచ్చి చూసిపోయేవారు. కానీ ఆమె ముగ్గు వేస్తుంటే చూసినవాళ్ళు లేరు. "నాకు నేర్పత్తా" అని ఎన్నిసార్లు అడిగినా "నువ్వు లేసినప్పుడు సూద్దాంలే" అనేది. నేను లేచేదీ లేదు, ఆమె నేర్పిందీ లేదు. తడిసిన పేడ వాసన, పొయ్యిమీద జొన్నరొట్టె అంచు మాడిన వాసన, వేయించిన శనక్కాయలు పొట్టు ఊదుతుంటే వచ్చే కమ్మటి వాసన, వెనక వీధి మగ్గాల చప్పుడు. ఎమ్మిగనూరు అంటే నాకు ఇప్పటికీ ఇవే. ఆదివారమైతే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నం పనులయ్యాక విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ ఆడవాళ్ళంతా నడవలో చేరేవారు. మా వదిన సావిత్రి, అంటే అత్త కోడలు, వారపత్రికలోని సీరియల్ పైకి చదివేది. అత్తకు చదువు రాదు. బొమ్మ వచ్చినప్పుడు మాత్రం "ఇట్లియ్యి" అని పుస్తకం తీసుకుని, కాసేపు చూసి తిరిగిచ్చేసేది.

ఆమె వడ్డన ఆ వీధిలో పేరున్న వడ్డన. ఇంట్లో ఎంతమంది ఆడవాళ్ళున్నా గరిటె ఆమె చేతిలోనే ఉండాలి. ఎడమచేత్తో గిన్నె నడుముకు ఆనించి పట్టుకునేది. కుడిచేత్తో గరిటెను అన్నంలో నిలబెట్టేది. నిలబెట్టి ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం ఉంది చూశారూ, అప్పుడు విస్తరి ముందున్న మనిషి ఎవరైనా సరే కాస్త సర్దుకుని కూర్చోవలసిందే. తర్వాత గరిటె మెల్లగా లేచేది, మెల్లగా వచ్చేది, మెల్లగా వంగేది. ఒక్క మెతుకు పక్కన పడేది కాదు. మొహంలో నవ్వు ఉండేది కాదు, విసుగూ ఉండేది కాదు. "నీలమ్మ వడ్డిస్తే జడ్జి తీర్పు సదివినట్ల ఉంటాదప్పా" అని మగవాళ్ళు చాటున నవ్వేవారు. "శానా గీర ఆయమ్మకు" అని ఆడవాళ్ళు అనేవారు. నేనూ అదే అనుకున్నాను. ఆ గీర అంటే నాకు భయం, ఆ గీర అంటేనే నాకు ఇష్టం కూడా. ఒక్కసారైనా ఆమె నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న గుర్తు లేదు. కానీ జ్వరం వస్తే రాత్రంతా నా కాళ్ళ దగ్గర కూర్చున్నది ఆమే. తల్లి అంటే నాకు ఆ మనిషే, వేరే మొహం నాకు తెలియదు.

చదువయ్యాక నాయన నా బొమ్మలు కొన్ని చుట్టచుట్టి బెజవాడలోని ఒక వారపత్రికకు పంపాడు. ఏ కళనున్నారో, రెండు చిన్న కథలకు వేయించి, ఏకంగా ఒక సీరియల్ చేతిలో పెట్టారు. గోదావరి పక్క ఊళ్ళో జరిగే కథ. రాసిన ఆవిడదీ ఆ ప్రాంతమే. వారం వారం రిజిస్టరు పోస్టులో కాగితాలు వచ్చేవి. నేను వేసిన బొమ్మను నాయన అట్టల మధ్య పెట్టి, కట్టి, స్టేషన్లో రైలు తపాలాకు ఇచ్చి వచ్చేవాడు. ఆ కథలో వెంకటరత్నమ్మ అని ఒక పెద్దింటి అత్తగారు. గయ్యాళి కాదు. ఎవరినీ ఒక్క మాట అనదు. అయినా ఇల్లంతా ఆమె ముందు ఒదిగి ఉంటుంది. మొదటి నాలుగు వారాలు నేను ఆమెకు కనుబొమలు విల్లులా వంచి, పెదవి బిగించి, పత్రిక వాళ్ళు మెచ్చుకుంటారని ఎదురుచూశాను. ఎడిటరు గారు కార్డు రాశారు. "మీ వెంకటరత్నమ్మకు కనుబొమలు తప్ప మనిషి లేదమ్మా" అని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కార్డు చింపబోయాను. నాయన లాక్కున్నాడు.

"పెద్దాయన సరిగ్గానే అన్యాడు గదా" అన్నాడు చదివి. నా బొమ్మ ముందు పెట్టి, వెంకటరత్నమ్మ మొహాన్ని తన బొటనవేలితో మూసేశాడు. "ఇప్పుడు సెప్పు, ఈమె ఎవురు?"

చూశాను. పట్టుచీరలో ఎవరో ఒక ఆడమనిషి. ఎవరైనా కావచ్చు.

"సంతలో మనిషి వెనక్కి తిరిగి పోతాంటే గుర్తుపడతావా లేదా? ఎట్ల గుర్తుపడతాండావు? నడకను బట్టి, చెయ్యి ఊపేదాన్ని బట్టి. మొగం చివర్లో గీయమ్మా. మనిషి అంతకు ముందే అయిపోయి ఉండాల" అన్నాడు. ఆ తర్వాత నా జీవితంలో ఏ బొమ్మ వేసినా ఈ బొటనవేలి పరీక్ష పెట్టకుండా బయటికి పంపలేదు. సగానికి సగం అందులోనే తప్పేవి.

సరిగ్గా ఆ వారమే వచ్చిన కాగితాల్లో ఒక ఘట్టం ఉంది. వెంకటరత్నమ్మ ఒకప్పుడు గడప దాటించిన కోడలు ఏళ్ళ తర్వాత తిరిగి వస్తుంది. పెళ్ళివారి బంతిలో చివర కూర్చుంటుంది. తలెత్తదు, చేతులు ఒళ్ళోంచి తియ్యదు. వెంకటరత్నమ్మ వరుసగా వడ్డించుకుంటూ వచ్చి ఆ విస్తరి ముందు నిలబడుతుంది. రచయిత్రి అక్కడ రాసింది ఒక్క మాట, "వడ్డించింది" అని. క్షమించిందా లేదా, చెప్పలేదు. ఆ ఒక్క మాటలో ఉన్న మనిషిని నేను బొమ్మలో నిలబెట్టాలి. రెండు రోజులు కాగితాలు పాడు చేశాను. మూడో రోజు కళ్ళు మూసుకుంటే నీలమ్మత్త గరిటె కనపడింది, అన్నంలో నిలబెట్టి ఆగిన గరిటె. ఇంక చెయ్యి ఆగలేదు. గిన్నె నడుముకు ఆనించిన తీరు, కొద్దిగా ముందుకొచ్చిన భుజం, ఆ ఆగడం, అంతా అత్తే. ఆమె తరం వాళ్ళు మా ఇళ్ళల్లో పైట కుడి భుజం మీద వేసుకునేవారు. నేనూ కుడి భుజం మీదే వేశాను. గోదావరి ఆవిడకు ఎమ్మిగనూరు పైట వేస్తున్నానన్న స్పృహే నాకు లేదు! నాయన బొటనవేలు పెట్టి మొహం మూసి చూశాడు. "మా అక్కే" అన్నాడు వెంటనే. కాసేపు చూసి, "ఆ కుడి చెయ్యే ఎందుకో కట్టెలాగుంది, బిగుసుకుని ఉంది" అన్నాడు. "అత్త చెయ్యి అంతే గదా నాయనా" అన్నాను. "అవు, అక్క చెయ్యి అంతే" అని ఒప్పుకున్నాడు.

బొమ్మ అయ్యాక భయం పట్టుకుంది. అడగలేదు, చెప్పలేదు, పెంచిన తల్లిని తీసుకెళ్ళి కోడల్ని వెళ్ళగొట్టిన అత్తగారి పాత్రలో నిలబెట్టాను. పైగా ఆ సీరియల్ ఆ నడవలోనే చదువుతారు. ఎప్పుడూ బొమ్మ మూలన 'స' అని చిన్న సంతకం పెట్టేదాన్ని. ఈసారి పెట్టలేదు. ఎవరైనా అడిగితే ఆ వారం నాకు ఒంట్లో బాగాలేదు, వేరేవాళ్ళు వేశారని బొంకుదామని నా తెలివి. నాయనకు తెలియకుండా అట్టల మధ్య పెట్టి కట్టేశాను.

పత్రిక వచ్చింది. ఆ పేజీ తెరవగానే నాకు ఏదో తేడాగా అనిపించింది గానీ ఏమిటో వెంటనే తెలియలేదు. నిజం చెప్పాలంటే మొదట బాగుంది అనిపించింది. చెయ్యి వదులైంది, గరిటె తేలిగ్గా ఉంది, మనిషి ఊపిరి తీసుకుంటున్నట్టుంది. అచ్చులో నా బొమ్మ ఇంత బాగా వచ్చిందా అని మురిసిపోబోయాను. అప్పుడు చూశాను. పైట ఎడమ భుజం మీద ఉంది. గరిటె ఎడమచేతిలో ఉంది. బొమ్మను మొత్తంగా అటుది ఇటు తిప్పేసి అచ్చేశారు! పెళ్ళి బంతిలో, పెద్ద ముత్తయిదువ, ఎడమచేత్తో అన్నం వడ్డిస్తోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉత్తరం రాస్తే ఎడిటరు గారి జవాబు వచ్చింది. పైట తప్పు భుజం మీద ఉండేసరికి, అచ్చుకు బ్లాకు తయారుచేసే ఆయన, తను తీసిన బొమ్మ ఫిల్మే తిరగబడిందేమో అనుకున్నాడట. సంతకం ఉంటే తెలిసేది, అదీ లేదు. పోనీ అని తనే సరిచేశాడట. పాఠకుల ఉత్తరాలు కట్టలు కట్టలుగా వస్తున్నాయి, ఒకటి రెండు వారాల్లో తప్పు దిద్దుకుంటూ ఒక మాట వేస్తాం అని రాశారు. మా ఆడవాళ్ళ పైట తప్పట! ఒళ్ళు మండిపోయింది. మండినా ఎవరిని అనను? సంతకం ఎగ్గొట్టింది నేను.

ఆ జవాబు వచ్చిన మర్నాడు, పత్రిక ఎప్పుడూ నాలుగు రోజులు ఆలస్యంగా చేరే ఎమ్మిగనూరు నుంచి పత్తి వ్యాపారానికి వచ్చిన అత్త ఎదురింటి తిక్కన్న మా గుమ్మంలో నిలబడ్డాడు. "పాపా, నిన్ను తొందరగా రమ్మనింది మీ అత్త. ఏం చేసినావో ఏమో గాని, రెండు దినాల నుంచి ఆయమ్మ ఈ మాట తప్ప నోరు తెరవలేదంట" అన్నాడు.

ఆ గంట ప్రయాణం నాకు ఇప్పటికీ గుర్తే. కిటికీ పక్క సీటు దొరికింది, బయట ఏముందో ఒక్కటీ చూడలేదు. ఆ ఇంటి తలుపు నాకు మూసుకుపోతే నేను మళ్ళీ తల్లిలేని పిల్లనైపోతాను. అదొక్కటే బుర్రలో తిరుగుతోంది. కాళ్ళు పట్టుకోవాలి, సీరియల్ మానేస్తానని చెప్పాలి, బొమ్మలే మానేస్తానని చెప్పాలి, అనుకుంటూ దిగాను.

సావిత్రి వదిన వాకిట్లోనే చెయ్యి పట్టుకుంది. "వచ్చినావా తల్లీ. ఏం సెప్పేది! నేను సదువుతాండా. పుస్తకం చేతులు మారింది. ఆ మగ్గాల ఈది రంగమ్మ ఉందే, 'ఓయమ్మా, ఇది మన నీలమ్మే గదా, ఆ నిలబడేది సూడు!' అనె. ఇంకొకామె, 'ఎడం చేత్తో వడ్డిస్తాందే!' అనె. అందరూ ఒకటే నగు. మీ అత్త పుస్తకం గుంజుకొని లోపలికి పోయింది. అప్పట్నుంచి మాటే లేదు" అని గుసగుసగా చెప్పింది. నడవలో శనక్కాయల రాశి అట్లాగే ఉంది, ఒలిచేవాళ్ళు ఒక్కరూ లేరు.

అత్త నడింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పత్రిక. నన్ను చూసి, "తలుపు దగ్గరికెయ్యి. కూర్చో" అంది. వేశాను. కూర్చున్నాను.

"ఇది నేనే గదా?"

"అత్తా, తప్పైపోయింది, నేను..."

"అడిగిన దానికి సెప్పు మే. నేనేనా, కాదా?"

"నువ్వే అత్తా."

ఆమె బొమ్మ మీద చెయ్యి పెట్టింది. గరిటె ఉన్న చోట. "ఎవరు సెప్పినారు నీకు?" అంది.

నాకు అర్థం కాలేదు. ఏడుపు గొంతుతో ఫిల్ము అన్నాను, బ్లాకు అన్నాను, పైట అన్నాను, సంతకం అన్నాను. ఆమె వినలేదు. విన్నా ఆ మాటలేవీ ఆమెకు పట్టలేదు. "మీ నాయనకు తెల్దు, అప్పటికి వాడు పుట్టనే లేదు. మీ మామకు కడదాకా తెల్దు. మాయమ్మ, మా నాయన పోయిరి. ఇంగ తెల్సినోళ్ళు ఎవురూ లేరు. మరి నీకెట్ల తెల్సింది?" అంటూ ఎడమచేతి వెండి కడియం మోచేతి వైపు తోసింది. మణికట్టు చుట్టూ సన్నగా తెల్లటి చార. ఆ చేతిని నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. కడియం కింద ఏముందో ఎప్పుడూ చూడలేదు.

"నులకతాడు" అంది. "నాది ఎడమచేతి వాటం. అన్నానికి కూర్చుంటే ఎడమచెయ్యే ముందు పోయేది. ఎడమచేతి పిల్లను ఏ ఇంట్లో వడ్డించనిస్తారని మాయమ్మ దీన్ని నడుముకు కట్టేసేది. ఏడాది కట్టింది. పుండైనా ఇప్పలేదు. బడికి పోతే పలక ఎడమచేత్తో పట్టుకుంటానని అదీ మాన్పించిరి. ఏం చేసేది, కుడిచెయ్యి నేర్చుకుంటి. యాభై ఏండ్లాయ. ఇప్పటికీ గరిటె పట్టుకుంటే ముందు నిలబడి యోచన చేసుకోవల్ల. ఒలికిపోతాదేమో, ఎవరన్నా సూస్తారేమో అని. జనం గీర అన్యారు. అననీ అనుకుంటి. బయం అనేదాని కంటే గీర అనేదే మేలు గదా."

ఆ ఆగిన క్షణాన్ని నేను తీర్పు అనుకున్నాను. ఊరంతా అదే అనుకుంది. మనిషినంతా ఆ క్షణంలో పట్టేశానని ఎంత పొంగిపోయాను! తీరా చూస్తే అది తాడు భయం. నాయన కట్టెలాగుంది అన్న చెయ్యి నిజంగా కట్టేసిన చెయ్యే. ఉన్నట్టుండి వాకిట్లో ముగ్గు గుర్తొచ్చింది. "మరి ముగ్గత్తా?" అన్నాను.

అప్పుడు నవ్వింది. నేనెప్పుడూ చూడని నవ్వు, దొరికిపోయిన చిన్నపిల్ల నవ్వు. ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. "ఇది దీని పనే. అందుకే గదా అందరికంటే ముందు లేసేది. నువ్వు నేర్పమని పోరుతా ఉంటివి, నేనెట్ల నేర్పేది!"

ఇక దాచలేకపోయాను. ఏడుస్తూనే ఉన్నదున్నట్టు, ఈసారి మెల్లగా చెప్పాను. నాకేమీ తెలియదని, నేను కుడిచేత్తోనే గీశానని, ఎక్కడో బెజవాడలో ముక్కూమొహం తెలియని ఒకాయన పొరపాటున తిప్పేశాడని, నాకు తెలిసి వేశాననుకుని నన్ను మెచ్చుకోవద్దని. ఆమె ఈసారి అంతా విన్నది. చాలాసేపు బొమ్మ చూసింది. "తిప్పినాయన ఎవరో గాని సల్లగుండాల" అంది. "నేను రెండు దినాలు మాట్లాడకుంటి అంటే కోపంతో కాదు మే. ఏం మాట్లాడాలో తెల్లేదు. దీన్ని సూసినప్పట్నుంచి, రొమ్ము మీద బరువు ఎవరో దించిపెట్టినట్ల ఉండాది. అందరూ సూసిరి, నగిరి. అయిపోయ. ఇంగ దాచేదేముంది?"

అమ్మయ్య అని అప్పుడు నా ఒంట్లోంచి వచ్చిన నిట్టూర్పు ఆ ఇంట్లో అందరికీ వినపడి ఉంటుంది. తలుపు వెనక సావిత్రి వదిన కూడా ముక్కు చీదుకుంది, అంటే మొత్తం విన్నదన్నమాట. ఆ సాయంత్రమే ఎడిటరు గారికి కార్డు రాశాను, తప్పు దిద్దుకుంటున్నామని వెయ్యవద్దు, వెంకటరత్నమ్మది ఎడమచేతి వాటమే, కావాలంటే రచయిత్రి గారిని అడగండి అని. ఏమనుకుందో ఏమో ఆ తల్లి, రెండు వారాల తర్వాత కథలో ఆ మాట కలిపింది. కథ అయిపోయేదాకా నేను ఆమెను ఎడమచేతి మనిషిగానే వేశాను, పైట మాత్రం వాళ్ళ వైపు పద్ధతిలో ఎడమ భుజం మీదే వేశాను. ఇప్పుడు హారికలాంటి పిల్లలు బొమ్మను గడియకోసారి తిప్పి చూసుకుని, తప్పు పట్టుకుని, చక్కగా దిద్దుకుంటారు. మంచిదే. నాకు ఆ అవకాశం ఉండి ఉంటే నేనూ ఆ బొమ్మను తిప్పి, 'ఛ, ఎడమచేయి అయిందే' అని మళ్ళీ మామూలు చేసేసి పంపేదాన్ని. అత్త గీరగల మనిషిగానే పోయేది. ఈ రోజుల్లో చిన్నపిల్ల ఏ చేత్తో పెన్సిలు పట్టుకున్నా ఎవరూ తాడు తేవడం లేదు, అది చూస్తే నాకు కడుపు చల్లగా ఉంటుంది. కానీ ఒక మనిషి ఎందుకు ఆగింది, ఎక్కడ బిగుసుకుంది అని కూర్చుని చూసే ఓపిక మాత్రం అప్పటికన్నా ఇప్పుడు తగ్గిందేమో అనిపిస్తుంది. నేను మాత్రం ఆ తర్వాత ఎవరి బొమ్మ వేయాల్సి వచ్చినా, ఈ మనిషిది గర్వం, ఈ మనిషిది కోపం అని ముందే తేల్చుకోవడం మానేశాను.

అత్త నాకంతా చెప్పిన ఆ రాత్రి అన్నాలకు బంతి వేశారు. అత్త కొడుకు మా బావ, ఇద్దరు పిల్లలు, పొలం నుంచి వచ్చిన పనివాళ్ళు, చివర నేను. అత్త గిన్నె నడుముకు ఆనించుకుని వచ్చింది. అందరికీ ఎప్పటిలాగే కుడిచేత్తో, గరిటె నిలబెట్టి, ఆగి, మెల్లగా వడ్డించింది. నా ముందుకు వచ్చి నిలబడింది. గిన్నె ఈ నడుము మీంచి ఆ నడుముకు మారింది. ఎడమచెయ్యి ఇలా వెళ్ళి అలా వచ్చింది, నేను చూసేలోపల విస్తట్లో అన్నం పడింది. నాలుగు మెతుకులు పక్కన కూడా పడ్డాయి. బంతిలో అందరి చేతులూ ఆగిపోయాయి. మా బావ దగ్గాడు.

"అమ్మా, ఎడమచెయ్యి!" అన్నాడు నెమ్మదిగా.

"అయితే ఏమిరా? అదీ నా చెయ్యే. పాపను తిననీ" అంది అత్త.

నేను ఇంకో గరిటె వెయ్యమన్నాను.